గుండెనొప్పా, గ్యాసా, బరువా: ఛాతీ సంగతులు ఇంగ్లీషులో ఎలా చెప్పాలి

మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కాపురం ఉంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వచ్చి పోతుంటారు. ఒంట్లో నలత చేసి ఆసుపత్రికి వెళితే డ్యూటీ డాక్టరుకి తెలుగు రావచ్చు. బెంగళూరులో అది అరుదేమీ కాదు. రానప్పుడు కొడుకో కోడలో మధ్యలో నిలబడి చెప్పాలి. పెద్దాయన ‘గుండెల్లో ఏదో అదిమినట్టుంది, తేన్పు వస్తే పోయేట్టుంది’ అంటారు. అది డాక్టరు చెవిన పడేసరికి ‘గ్యాస్ ప్రాబ్లమ్’ అయిపోతుంది. అదిమినట్టున్న సంగతి మధ్యలోనే రాలిపోయింది. ఈసీజీ తీయాలా అక్కర్లేదా అని డాక్టరు తేల్చుకునేది ఆ రాలిపోయిన ముక్కతోనే.

అందుకని మొదటి నియమం: జబ్బు పేరు మీరు పెట్టకండి. ఎలా ఉంది, ఎక్కడ ఉంది, ఎప్పటినుంచి ఉంది, ఈ మూడూ చెప్పండి. పేరు పెట్టే పని డాక్టరుది.

మాటలు వెతుక్కునే టైము లేనప్పుడు

ఛాతీ మధ్యలో బరువుగా, బిగుతుగా ఉండి, దాంతోపాటు చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండటం, ఎడమ చేతికో దవడకో వీపుకో నొప్పి పాకడం, వీటిలో ఏది ఉన్నా ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, బండి అసలే తోలనివ్వకండి. ఫోన్‌లో నాలుగు ముక్కలు చాలు: ‘చెస్ట్ పెయిన్’, వయసు, ఎన్ని గంటలకు మొదలైంది, అడ్రసు. అపార్ట్‌మెంటు పేరుతోపాటు దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు ఒకటి చెప్పండి. ఏ బ్లాకు, ఏ గేటు అన్నది మర్చిపోతారు, అక్కడే నిమిషాలు పోతాయి. సెక్యూరిటీ వాళ్ళకు ముందే ఫోన్ చేసి గేటు తీయించండి.

కన్నడంలో చెప్పాల్సి వస్తే ‘నమ్మ తందెగె ఎదె నోవు, బేగ బన్ని’ అంటే చాలు. మా నాన్నకు ఛాతీ నొప్పి, త్వరగా రండి అని. మన పాటల్లోని ‘ఎద’ వాళ్ళ రోజువారీ మాటల్లో ‘ఎదె’. ఛాతీ మంట ‘ఎదె ఉరి’. ఈ రెండూ గుర్తుంటే ఆటో డ్రైవరుకైనా నర్సుకైనా చెప్పుకోవచ్చు.

ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే మొదటి వాక్యం ‘చెస్ట్ పెయిన్, స్టార్టెడ్ ఎట్ సెవెన్ థర్టీ’ అయి ఉండాలి. ఇన్సూరెన్సు కార్డు, పాత ఫైలు తర్వాత. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకు పది నిమిషాల్లోగా ఈసీజీ తీయాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం. రిసెప్షన్‌లో ‘గ్యాస్’ అంటే మాత్రం మీకు టోకెన్ ఇచ్చి కుర్చీలో కూర్చోబెడతారు.

ఏ గుమ్మం ఎక్కాలి

‘చెస్ట్ స్పెషలిస్ట్’ అన్న బోర్డు చూసి గుండె డాక్టరనుకుని వెళ్ళేవాళ్ళు చాలామంది. ఇంగ్లీషులో చెస్ట్ ఫిజీషియన్ అంటే ఊపిరితిత్తుల డాక్టరు, అంటే పల్మనాలజిస్టు. గుండెకు కార్డియాలజిస్టు. హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఊపిరితిత్తుల జబ్బులకని తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. బెంగళూరులో నిమ్హాన్స్ దగ్గరున్న రాజీవ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చెస్ట్ డిసీజెస్ క్షయకూ ఊపిరితిత్తుల జబ్బులకూ. గుండెకైతే బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ ఆసుపత్రి. పాత దగ్గు, కఫం, ఉబ్బసం అయితే మొదటిది. దడ, నడిస్తే ఛాతీ బిగుసుకోవడం అయితే రెండోది. హఠాత్తుగా వచ్చిన నొప్పికి ఈ లెక్కలేవీ వద్దు, ఏది దగ్గరుంటే ఆ ఎమర్జెన్సీకే.

డాక్టరు ముందు ఏ వరుసలో చెప్పాలి

డాక్టర్లు నొప్పి గురించి అడిగే ప్రశ్నలకు ఒక వరుస ఉంది. వైద్య విద్యార్థులు దాన్ని సోక్రటీస్ పేరులోని అక్షరాలతో గుర్తుపెట్టుకుంటారు. అదే వరుసలో మీరే చెప్పేస్తే పని సగం తేలికవుతుంది.

ఒకటి, చోటు. నోటితో చెప్పడం కంటే చేత్తో చూపించడం మేలు. పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ చేతినే పెట్టమనండి. ఒక వేలితో ఒకే చుక్క చూపిస్తున్నారా, అరచేయి మొత్తం పరుస్తున్నారా, పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెడుతున్నారా అన్నది డాక్టరు గమనిస్తారు. పిడికిలి పెట్టడానికి వైద్యంలో ఒక పేరే ఉంది, లెవీన్ సైన్ అంటారు. గుండెనొప్పిలో కొందరు చేసే సైగ అది. మీరు మధ్యలో దూరి మీ ఛాతీ మీద చూపిస్తే ఆ వివరం పోతుంది. మాటల్లో అయితే మధ్యలో ఉంటే ‘ఇన్ ద మిడిల్ ఆఫ్ మై చెస్ట్’, రొమ్ము ఎముక వెనకాల ఉంటే ‘బిహైండ్ ద బ్రెస్ట్‌బోన్’, పక్కటెముకల్లో అయితే ‘ఇన్ ద రిబ్స్, ఆన్ ద లెఫ్ట్ సైడ్’. ‘హార్ట్ పెయిన్’ అనకండి. గుండెనొప్పి అని మనం అనే ప్రతిదీ గుండెది కాదు. చోటు పేరు చెస్ట్.

రెండు, మొదలు. ఏం చేస్తుండగా మొదలైంది? మెట్లెక్కుతుంటేనా, అన్నం తిన్నాకా, నిద్రలోనా? ‘ఇట్ స్టార్టెడ్ వైల్ క్లైంబింగ్ స్టెయిర్స్’ అన్న ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు.

మూడు, తీరు. అసలు కష్టం ఇక్కడే. తెలుగులో నొప్పిని వర్ణించడానికి మాటలు బోలెడున్నాయి, వాటన్నిటినీ కలిపి ‘పెయిన్’ అనేస్తాం. విడదీసి చెప్పండి. అదిమినట్టు, బరువు పెట్టినట్టు ఉంటే ‘హెవీనెస్’ లేక ‘లైక్ ఎ వెయిట్ ఆన్ మై చెస్ట్’. పట్టేసినట్టు, బిగించినట్టు ఉంటే ‘టైట్‌నెస్’. పిండేసినట్టుంటే ‘స్క్వీజింగ్’. సూదులు గుచ్చినట్టుంటే ‘ప్రికింగ్’, కత్తితో పొడిచినట్టుంటే ‘స్టాబింగ్’. మంటయితే ‘బర్నింగ్’. సలుపుతుంటే ‘త్రాబింగ్’. అంతా కలిసి మొద్దుగా ఉంటే ‘డల్ ఏక్’. లాగుతున్నట్టుంటే ‘పుల్లింగ్’ అన్నా అర్థమవుతుంది.

ఒక చిక్కుంది. గుండె జబ్బున్నవాళ్ళలో చాలామంది నొప్పి ఉందా అంటే లేదంటారు. ‘నొప్పి కాదురా, అదోలా ఉంది’ అంటారు. దాన్ని ‘నో పెయిన్’ అని చెప్పేశారా, పొరపాటు జరిగిపోయినట్టే. ‘నాట్ ఎగ్జాక్ట్లీ పెయిన్, మోర్ లైక్ ప్రెషర్’ అనండి. ఇక్కడ ఇంకో తిరకాసు: ఉత్తి ‘ప్రెషర్’ అంటే ఎదుటివాళ్ళు బీపీ అనుకుంటారు. ‘ప్రెషర్ ఆన్ ద చెస్ట్’ అని పూర్తిగా అనాలి.

నాలుగు, పాకడం. ‘ఇట్ స్ప్రెడ్స్ టు ద లెఫ్ట్ ఆర్మ్’, ‘టు ద జా’, ‘టు ద బ్యాక్’. పాకకపోతే ‘ఇట్ స్టేస్ ఇన్ వన్ ప్లేస్’.

ఐదు, తోడున్నవి. చెమటలు పడితే, ఎండ వల్ల కాదని తెలిసేలా ‘కోల్డ్ స్వెట్’ అనండి. వికారం ‘నాజియా’, కళ్ళు తిరగడం ‘గిడ్డీనెస్’. ఆడవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో, వయసు పైబడినవాళ్ళలో ఛాతీ నొప్పి లేకుండా ఇవి మాత్రమే కనిపించవచ్చు. అమ్మకు షుగరుంటే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఆరు, ఎంతసేపు, దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడుస్తుంటే ‘ఇట్ హర్ట్స్ వెన్ ఐ బ్రీద్ ఇన్’. నొక్కితే నొప్పయితే ‘ఇట్ హర్ట్స్ వెన్ ఐ ప్రెస్ హియర్’. నడిస్తే వచ్చి, ఆగితే పోతుంటే ‘కమ్స్ ఆన్ వాకింగ్, గోస్ విత్ రెస్ట్’. చివరి వాక్యాన్ని ఇంట్లో అందరికీ నేర్పించడం మంచిది. ఆ ఒక్క వాక్యంతో డాక్టరు కూర్చున్న తీరే మారుతుంది. తీవ్రత అడిగితే పదికి ఎంత అని చెప్పాలి. మనవాళ్ళు మొహమాటానికి ‘కొద్దిగా’ అంటారు, అంకె అడిగి మరీ చెప్పించండి.

కాలం చెప్పేటప్పుడు ‘ఫ్రమ్ టూ డేస్’ అంటే బెంగళూరులో ఇబ్బంది లేదు. విదేశాల్లో ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడుతుంటే ‘ఫర్ టూ డేస్’, ‘సిన్స్ మండే’ అనండి. ‘మై చెస్ట్ ఈజ్ పెయినింగ్’ కూడా అంతే, ఇక్కడ చెల్లుతుంది, అక్కడ ‘మై చెస్ట్ హర్ట్స్’ అనాలి.

మొదటి ఈసీజీ బాగానే ఉందని చెప్పి కూర్చోబెట్టినా, నొప్పి మళ్ళీ వస్తే మొహమాటపడకుండా నర్సును పిలిచి ‘ద పెయిన్ ఈజ్ బ్యాక్’ అనండి. మొదటి ఈసీజీ, మొదటి ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) మామూలుగా ఉండి తర్వాతి వాటిలో తేడా బయటపడటం ఉన్నదే. అందుకే కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేస్తారు. డబ్బు కోసం రెండోసారి తీస్తున్నారని వాళ్ళతో తగవుపడొద్దు.

మంట, దడ, ఆయాసం

ఈ మూడు మాటలూ తెలుగులో వెడల్పు, ఇంగ్లీషులో ఇరుకు.

గుండెల్లో మంటకు ‘హార్ట్‌బర్న్’ సరైన మాటే. పేరులో గుండె ఉన్నా అది కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చే మంట. తిన్నాక, వంగినా పడుకున్నా ఎక్కువై, పుల్లతేన్పులతో, నోట్లో పులుపుతో వస్తే ఆ మాట వాడొచ్చు. పుల్లతేన్పులు ‘సవర్ బర్ప్స్’. మంట నడకతో వస్తుంటే మాత్రం ‘హార్ట్‌బర్న్’ అనొద్దు. ‘బర్నింగ్ ఫీలింగ్ వెన్ ఐ వాక్’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకోటి, ఇండియన్ ఇంగ్లీషు పేపర్లలో ‘హార్ట్‌బర్న్ ఇన్ ద పార్టీ ఓవర్ టికెట్స్’ అని కనిపిస్తే అది కడుపుమంట, అంటే అసంతృప్తి. అక్కడ యాంటాసిడ్ పనిచేయదు.

దడ అంటే ‘పాల్పిటేషన్స్’. భయంతో వచ్చిన దడా, ఊరకే కూర్చుంటే వచ్చిన దడా అన్నది చెప్పాలి. వేగంగా కొట్టుకుంటే ‘రేసింగ్’, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టుంటే ‘ఇట్ స్కిప్స్ ఎ బీట్’. మాటలు చాలకపోతే ఆ కొట్టుకునే తీరును వేలితో బల్ల మీద తట్టి చూపించండి. డాక్టర్లే అలా అడుగుతుంటారు.

ఆయాసంలో చాలా రకాలు. నడిస్తే వచ్చేది ‘బ్రెత్‌లెస్ ఆన్ వాకింగ్’. వెల్లకిలా పడుకోలేకపోతే ‘ఐ కాంట్ లై ఫ్లాట్’. ఎన్ని దిండ్లు పెట్టుకుంటారని డాక్టరు తప్పకుండా అడుగుతారు, ముందే చూసుకోండి. నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే ‘ఐ వేక్ అప్ గ్యాస్పింగ్’. పిల్లికూతలు ‘వీజింగ్’. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో దారి చూపిస్తాయి. అన్నిటినీ ‘బ్రీతింగ్ ప్రాబ్లమ్’లో కలపకండి.

దగ్గు సంగతి తేలిక. పొడి దగ్గు ‘డ్రై కాఫ్’, కఫంతో వస్తే ‘కాఫ్ విత్ ఫ్లెమ్’, బ్రిటిష్ వాళ్ళ నోట ‘చెస్టీ కాఫ్’. డాక్టరు ‘స్ప్యూటమ్’ అంటే దగ్గితే పడే కఫం అని అర్థం. రంగు చెప్పాలి, రక్తపు జీర ఉంటే ‘స్ట్రీక్స్ ఆఫ్ బ్లడ్’ అని ముందే చెప్పాలి. మన నెమ్ముకు సూటిగా మాట లేదు. పసిపిల్లలకు నెమ్ము చేసిందని అమ్మమ్మలు అనేది మామూలు పడిశం కావచ్చు, న్యుమోనియా కావచ్చు. డాక్టరుకి ‘చెస్ట్ కంజెషన్’ అని చెప్పి, డొక్కలు ఎగరేస్తుంటే ‘హిజ్ రిబ్స్ ఆర్ పుల్లింగ్ ఇన్’ అని చేర్చండి, అది అత్యవసరం. జలుబు ఛాతీకి దిగింది అనడానికి మాత్రం ఇంగ్లీషులో అచ్చం అదే ఉంది: ‘ద కోల్డ్ హ్యాజ్ గాన్ టు మై చెస్ట్’.

ఆడవాళ్ళు గమనించాల్సిన తేడా ఒకటి. ‘చెస్ట్ పెయిన్’ అంటే లోపలి సంగతి, ‘బ్రెస్ట్ పెయిన్’ అంటే స్తనానిది. సిగ్గుపడి రెండోదాన్ని మొదటిదిగా చెబితే ఈసీజీ తీసి పంపించేస్తారు, చూడాల్సిన గడ్డ చూడరు. గడ్డయితే ‘లంప్ ఇన్ ద బ్రెస్ట్’. ఆడ డాక్టరు కావాలంటే ‘కెన్ ఐ సీ ఎ లేడీ డాక్టర్’ అని అడగడం తప్పేమీ కాదు.

ఆఫీసులో వినిపించే ఛాతీ

అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో కొన్ని పలుకుబళ్ళు రోజూ దొర్లుతుంటాయి. వాటిని విని అర్థం చేసుకోవడం సులువే, వాడేటప్పుడే జారుతాం. పలుకుబడిలో ఒక్క మాట మార్చినా అది చెడుతుంది. ఉన్నదున్నట్టు వాడాలి.

‘గెట్ ఇట్ ఆఫ్ యువర్ చెస్ట్’ అంటే మనసులో దాచుకున్నది చెప్పేయడం. మేనేజరుతో విడిగా కూర్చున్నప్పుడు ‘ఐ వాంట్ టు గెట్ సమ్‌థింగ్ ఆఫ్ మై చెస్ట్’ అని మొదలుపెట్టవచ్చు. మధ్యలో ‘సమ్‌థింగ్’ లేక ‘ఇట్’ ఉండి తీరాలి. అది మరిచి ‘ఐ వాంట్ టు గెట్ ఆఫ్ మై చెస్ట్’ అంటే వాక్యం కుంటుతుంది. ఇంకా ముఖ్యం, ఇది చెప్పుకోవడం వల్ల దిగే బరువుకే. ఇంటి లోను తీరి గుండెల మీద కుంపటి దిగితే అది ‘ఎ వెయిట్ ఆఫ్ మై షోల్డర్స్’ లేక ‘ఎ లోడ్ ఆఫ్ మై మైండ్’. ఛాతీ అక్కడికి రాదు. అలాగే తప్పు ఒప్పుకోవడమయితే ‘మేక్ ఎ క్లీన్ బ్రెస్ట్ ఆఫ్ ఇట్’. తప్పేమీ చేయనివాళ్ళు అది వాడితే అనుమానం కొనితెచ్చుకున్నట్టే.

‘ప్లేయింగ్ దెయిర్ కార్డ్స్ క్లోజ్ టు ద చెస్ట్’ అనేది పేకాట నుంచి వచ్చింది. పక్కవాడికి ముక్కలు కనబడకుండా పట్టుకోవడం. అప్రైజల్సు, లేఆఫ్‌లు, కొత్త ఆఫరు గురించి నోరు విప్పనివాళ్ళను అంటారు. అమెరికన్లు ‘చెస్ట్’ బదులు ‘వెస్ట్’ అంటారు, అర్థం అదే. బాసు ముఖం మీద అనకండి, కాస్త నిష్ఠూరం ఉంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది: గుండెలు బాదుకోవడం. మనకది ఏడుపు. ఇంగ్లీషులో ‘చెస్ట్-థంపింగ్’ అంటే డంబం, మన జబ్బలు చరుచుకోవడం లాంటిది. ప్రాజెక్టు పోయిందని క్లయింటు బాధపడుతుంటే ‘దే ఆర్ చెస్ట్-థంపింగ్’ అని మెయిల్ రాస్తే, గొప్పలు పోతున్నారని రాసినట్టవుతుంది. ఏడుపుకూ పశ్చాత్తాపానికీ ‘బ్రెస్ట్-బీటింగ్’ అనే వేరే మాటుంది, అందులోనూ కొంచెం ఎత్తిపొడుపు ఉంటుంది. మెయిల్లో ఉత్తి ‘అప్‌సెట్’ చాలు.

ఛాతీ విరుచుకోవడం ‘పఫ్ అవుట్ వన్స్ చెస్ట్’. కంపెనీ ‘వార్ చెస్ట్’ అంటే పోటీ కంపెనీలను కొనడానికో ఎదుర్కోవడానికో పక్కన పెట్టిన సొమ్ము. ఇక్కడి చెస్ట్ పెట్టె. ఇంగ్లీషులో ఆ మాటకు పెట్టె అన్నదే పాత అర్థం, ఒంటి భాగం తర్వాత వచ్చింది. ఘాటు రసమో మందో ఇచ్చి ‘దిస్ విల్ పుట్ హెయిర్ ఆన్ యువర్ చెస్ట్’ అని ఎవరైనా అంటే, తాగితే మగాడివవుతావన్న సరదా. నవ్వి ఊరుకోండి, మీరు మాత్రం ఆఫీసులో వాడకండి.

మన గుండె పలుకుబళ్ళలో కొన్ని నేరుగా దిగుతాయి. గుండె గొంతులోకి రావడం ‘మై హార్ట్ వాజ్ ఇన్ మై మౌత్’. గుండె జారిపోవడం ‘మై హార్ట్ శాంక్’, ఇందులో భయం కంటే నిరాశ పాలు ఎక్కువ. గుండెల మీద చెయ్యేసుకుని చెప్పడం ‘హ్యాండ్ ఆన్ హార్ట్’. గుండెలు తీసిన బంటును ఇంగ్లీషులోకి దించే ప్రయత్నం మానుకోండి. ఎక్కాలు ‘బైహార్ట్ చేశాడు’ అని మనం అంటాం. ఇంగ్లీషులో అది క్రియ కాదు, ‘లెర్న్ట్ ఇట్ బై హార్ట్’ అనాలి.

కొలతలు, జిమ్ము, సామాన్లు

ఆన్‌లైన్లో చొక్కా కొనేటప్పుడు సైజు పట్టికలో రెండు రకాల చెస్ట్ ఉంటాయి. ‘టు ఫిట్ చెస్ట్’ మీ ఒంటి కొలత, ‘గార్మెంట్ చెస్ట్’ బట్టది. బట్టది మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే ఉంటుంది. ఒంటి కొలత 40 అంగుళాలనుకోండి, దాన్ని బట్ట కొలత గడిలో వెతికితే బొత్తాలు పట్టని చొక్కా వస్తుంది. టేపును చంకల కిందుగా, ఛాతీ బాగా వెడల్పున్న చోట, వెనక జారకుండా నేలకు సమాంతరంగా చుట్టి, లోపల ఒక వేలు పట్టేంత వదులుంచి, మామూలుగా ఊపిరి వదిలి కొలవండి. ఊపిరి బిగబట్టి కొలిస్తే గొప్పగానే ఉంటుంది, చొక్కా వేలాడుతుంది. ఆడవాళ్ళ పట్టికలో ఇదే ‘బస్ట్’.

పోలీసు ఉద్యోగాల దరఖాస్తులో ‘చెస్ట్ ఎక్స్‌పాన్షన్’ అంటే ఊపిరి వదిలినప్పటికీ నిండా పీల్చినప్పటికీ మధ్య తేడా. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లలో సాధారణంగా కనీసం 5 సెం.మీ. అడుగుతారు.

జిమ్‌లో ట్రైనరు ‘చెస్ట్ అప్’ అంటే రొమ్ము ఎముకను పైకెత్తమని. నడుము వెనక్కి విల్లులా వంచమని కాదు. స్క్వాట్‌లో ఎక్కువమంది చేసేది అదే, మర్నాడు నడుం పట్టేస్తుంది. స్కూలు ఆటల్లో ‘చెస్ట్ నంబర్’ అన్నదే పెద్ద పరుగు పందేల్లో ‘బిబ్ నంబర్’. టీసీఎస్ వరల్డ్ 10కె లాంటి వాటికి పేరిస్తే బిబ్ ఎక్కడ తీసుకోవాలో మెయిల్లో చూసుకోండి.

మాంసం ఆర్డరు పెట్టేటప్పుడు కోడికి చెస్ట్ ఉండదు, ‘బ్రెస్ట్’ అని వెతకండి. ఇల్లు మారుతూ పాత సామాను అమ్మే ప్రకటన రాస్తుంటే సొరుగుల బీరువాను పూర్తిగా ‘చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్’ అని రాసి, ఎన్ని సొరుగులో, ఎత్తు వెడల్పులు ఎన్ని అంగుళాలో చేర్చండి. పైనుంచి మూత తెరిచే ఫ్రీజరయితే ‘చెస్ట్ ఫ్రీజర్’, దానికి ఎన్ని లీటర్లో రాయాలి.